కాగితం ఇళ్ళకు గృహప్రవేశం

ఈమధ్య గుణదలలో మా ఫ్లాటుకు రంగులు వేయించాం. పని అయిపోయాక పెయింటరు కిటికీ అద్దాల మీద చిందిన చుక్కల్ని సగం బ్లేడుతో గీకుతున్నాడు. ఆ సన్నని చప్పుడు పక్కగదిలోంచి వినపడగానే నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో! ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసిన గీత తప్పితే దాన్ని చెరపడానికి రబ్బరు పనికిరాదు. బ్లేడును సగానికి విరిచి, కాగితం చిరగకుండా, పైన ఇంకు పొర ఒక్కటే లేచేలా గీకాలి. గవర్నర్‌పేటలో ఒక పాత మేడ రెండో అంతస్తులో కూర్చుని నా వయసులో మంచి భాగం అలా గీకుతూ గడిపాను. ఎదురు బల్ల దగ్గర కూర్చుని "గీకమ్మా గీకు, సాయంత్రానికి కొబ్బరి పచ్చడి చేసుకుందాం" అని వేళాకోళం చేసిన మనిషి పేరు షంషాద్. మా ఆఫీసు యజమాని. ఇప్పుడు నేను పిల్లల పుస్తకాలకు, బొమ్మల సినిమాలకు ఎక్కడా లేని మేడలు, కోటలు, వీధులు గీసి దర్జాగా బతుకుతున్నాను. ఈ పని నాకు అబ్బిందంటే అది ఆవిడ చలవే. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి, చెప్పే బాధ్యత నా మీద పడింది.

కంకిపాడు పక్క పల్లెటూరు నుంచి, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసిన సర్టిఫికెట్టు పట్టుకుని నేను ఆ మెట్లెక్కిన రోజున షంషాద్ గారు ఒక అపార్ట్‌మెంటుకు ఆకాశం వేస్తున్నారు. నూలు చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, వీధి చివరికి వినపడే నవ్వు. ఆ రోజుల్లో బిల్డర్లు పునాది తవ్వకముందే, కట్టాక ఇల్లు ఎలా ఉంటుందో రంగుల్లో వేయించుకునేవాళ్ళు. దాన్ని ఊళ్ళో అందరూ ఎలివేషన్ అనేవారు. స్థలం దగ్గర పెద్ద బోర్డు మీద దాన్ని పెడితే జనం చూసి ఫ్లాట్లు కొనేవారు. ఆవిడ నా సర్టిఫికెట్టు చూడనేలేదు. "కుక్కని వెయ్యడం వచ్చా?" అని అడిగారు. నేను తెల్లబోయాను. "తెల్ల కుక్క, దాన్ని పట్టుకుని నడిచే ఆడమనిషి, గేటు ముందు ఎర్ర కారు. ఈ మూడూ లేకపోతే బిల్డరు ఒప్పుకోడమ్మా. బెజవాడ మొత్తం మీద కుక్కని షికారు తిప్పే ఆడవాళ్ళు మన బొమ్మల్లోనే ఉన్నారు" అన్నారు. మర్నాటి నుంచి నేను కుక్కలు వేయడం మొదలుపెట్టాను.

ఆ ఆఫీసులో అసలు సంగతి వెనక గోడ మీద ఉండేది. పని తెరిపి ఇచ్చినప్పుడల్లా ఆవిడ తన కోసం గీసుకున్న భవనాలు అక్కడ వరసగా అంటించి ఉండేవి. ఒక వంతెన కింద తలకిందులుగా వేలాడే బజారు. ప్రతి కిటికీలోంచి ఒక్కో రకం వాన కనిపించే మేడ. వాటిలో నాకు బాగా ఇష్టమైనది నడిచే లాడ్జి. మా వీధిలో ఉండేలాంటి మామూలు లాడ్జీయే, మూడంతస్తులు, బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్ళు, కానీ దానికి ఏనుగు కాళ్ళంత కాళ్ళు. ప్రయాణికుడు ఇక్కడ గది తీసుకుని పడుకుంటే, నిద్ర లేచేసరికి అది అతన్ని వాళ్ళ ఊరికి చేర్చేస్తుంది. దాని నీడ నేల మీద ఎంత బరువుగా పడేదంటే, చూస్తుంటే గోడ కొంచెం అదిరినట్టు ఉండేది. అంత గొప్పగా గీసే మనిషి బిల్డర్ల కోసం ఎర్ర కార్లు వేస్తూ కూర్చోవడం నాకు మొదట్లో అన్యాయంగా తోచేది. ఆవిడకు మాత్రం అలాంటి బాధేమీ ఉన్నట్టు కనిపించలేదు.

ఒకసారి రాఘవయ్య గారని ఒక పెద్దమనిషి వచ్చారు. పొలాలు చూసుకుంటూనే ఫంక్షన్ హాలు కట్టే ఆలోచనలో ఉన్నారు. ఎలివేషన్ గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ గోడ మీద నడిచే లాడ్జి చూసి అక్కడే ఆగిపోయారు. కాసేపు దాన్ని తేరిపార చూసి, "మేడంగారూ, దీనికి గుమ్మం దక్షిణానికి పెట్టారేవిటండీ?" అన్నారు.

"అది నడుస్తుందండీ. ఎటు తిరిగితే గుమ్మం అటే" అన్నారు షంషాద్ గారు.

"అయితే మరీ కష్టం కదండీ. పొద్దున లేచేసరికి వంటగది ఈశాన్యంలోకి వచ్చేస్తే ఎట్టా? నడిచేటప్పుడు సరే, ఆగేటప్పుడన్నా తూర్పుకి తిరిగి ఆగమనండి."

నేను నవ్వాపుకోలేక బల్ల కింద పడిపోయిన పెన్సిల్ వెతుకుతున్నట్టు నటించాను. షంషాద్ గారు నవ్వలేదు. "ఆ సంగతి నాకు తట్టలేదు సుమండీ" అని లేచి, అప్పటికప్పుడు లాడ్జి కప్పు మీద జెండా పట్టుకుని దిక్కులు చూసే మనిషిని ఒకణ్ణి కూర్చోబెట్టారు. రాఘవయ్య గారు తృప్తిగా తలూపి వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగీ దిగగానే ఆవిడ మూలనున్న కరెంటు పొయ్యి మీద పాలు పెట్టి, అవి గిన్నె దాటి పొంగేదాకా చూస్తూ నిలబడ్డారు. ఏమిటండీ ఇది అని అడిగాను. "మీ వాళ్ళు కొత్తింట్లో చేరేటప్పుడు పాలు పొంగిస్తారు కదమ్మా. నా లాడ్జిలోకి ఇవాళ ఒక మనిషి అడుగు పెట్టాడు. గృహప్రవేశం అయిపోయింది. మిగిలిన పాలతో టీ కాచుకుందాం" అన్నారు.

టీ తాగుతూ ఆవిడ చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ అదే గొంతుతో వినపడతాయి. "నా బొమ్మ చూసి బాగుంది అన్నాడనుకో, వాడు రోడ్డు మీద నిలబడి చూసిపోయినవాడు. అలా ఎక్కడన్నా ఉంటుందా అన్నాడనుకో, వాడు గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగినవాడు. వంటగది ఎటుందని తగువేసుకున్నాడంటే వాడు లోపలికొచ్చి, చెప్పులు విప్పి కూర్చున్నాడన్నమాట. అంతకంటే మర్యాద ఏ ఇంటికైనా ఉంటుందా?" అందుకే ఆవిడ తన బొమ్మల గురించి ఎవరు పొగిడినా పట్టించుకునేవారు కాదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం ముఖం వెలిగిపోయేది.

ఆ రోజు నుంచి నాకు పట్టుకుంది పిచ్చి. నా కాగితం మీద కూడా ఒక గృహప్రవేశం జరగాలి. పని అయ్యాక కూర్చుని స్ఫటికపు గోపురాలు వేశాను, మబ్బుల మీద తేలే తామరపువ్వు మహల్ వేశాను, చంద్రుడికి నిచ్చెన వేసిన కోట వేశాను. గోడకు అంటించి, ఎవరొస్తారా అని కాచుకుని ఉండేదాన్ని. కొరియర్ అతను వచ్చి "చాలా బాగుందండీ" అనేవాడు. కింద జిరాక్సు షాపు ఆవిడ వచ్చి "ఎంత బాగా వేశావే, నీ చేతిలో ఏదో ఉంది" అనేది. లోకంలో ఇంకెవరైనా ఆ మాటలకు పొంగిపోతారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. షంషాద్ గారు తల ఎత్తకుండానే "మళ్ళీ బాగుందన్నారా? పాపం" అనేవారు. ఆ పాపం అనే మాటలో ఎంత వెటకారం ఉండేదో అంత ప్రేమా ఉండేది, కానీ ఆ వయసులో నాకు వెటకారమే వినపడేది.

సరే, నాకూ తెలివి ఉందనుకుని ఒక ఎత్తు వేశాను. ఆవిడ లాడ్జి బాల్కనీల్లో తువ్వాళ్ళు ఉన్నాయి కదా అని నా తామరపువ్వు మహల్‌కు బట్టలారేసే తాళ్ళు పెట్టాను, నీళ్ళ ట్యాంకు పెట్టాను, గుమ్మం ముందు చెప్పులు పెట్టాను, వంటింటి గోడకు పొగమసి కూడా పూశాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "లారీలోంచి సామాను దించావు. కాపురం ఉండేవాళ్ళేరీ?" అన్నారు. "ఇందులో ఉండాలని నీకే లేదు. నువ్వు ఉండని ఇంట్లోకి ఊళ్ళోవాళ్ళని పిలుస్తావేవిటే?" నేను ఆ సాయంత్రం హాస్టలుకు వెళ్ళి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక ఆలోచిస్తే ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమనిపించింది. తామరపువ్వులో నేను ఒక్క పూట కూడా ఉండలేను.

అప్పుడే రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడ్డాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రచురణకర్త ఒకాయన షంషాద్ గారి దగ్గరికి వచ్చి, వింత వింత ఇళ్ళ బొమ్మలతో ఒక పుస్తకం తెద్దామనుకుంటున్నానని చెప్పాడు. ఆవిడ నన్ను చూపించి "ఈ అమ్మాయి వేస్తుంది. కానీ మొదటి బొమ్మ నేను సరేనన్నాకే మీకు వస్తుంది. ఈ నెలాఖరులోగా రాకపోతే వేరేవాళ్ళని చూసుకోండి" అన్నారు. ఇక్కడ ఇలా ఉండగా, ఊళ్ళో మా నాన్న నాకోసం ఒక ఉద్యోగం కుదిర్చాడు. మా బంధువుల స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఇంటి నుంచి నడిచి వెళ్ళి రావచ్చు. శనివారం వచ్చి తీసుకెళ్తానని ఫోన్ చేశాడు. ఆ స్కూల్లో నేను చేరితే ఏమవుతానో నాకు స్పష్టంగా కనిపించింది. ఏటా అవే మామిడికాయలు, అవే జాతీయ జెండాలు వేయిస్తూ, గోడ మీద లాడ్జి ఒకప్పుడు చూశానని పిల్లలకు చెప్పుకుంటూ ఉంటాను. నా జీవితంలో అంత భయం నాకు మళ్ళీ ఎప్పుడూ వేయలేదు.

షంషాద్ గారితో చెబితే, "భయపడుతూ కూర్చుంటే గీత వణుకుతుంది. నువ్వు చిన్నప్పుడు ఎక్కడికి పోవాలని మారాం చేసేదానివి?" అని అడిగారు. ఆలోచించకుండానే చెప్పాను. మా పొలం గట్టు పక్కన పంటకాలువ పారేది. కాలువ ఎప్పుడూ కిందికే పోతుందేమిటి, పైకి పోతే అందులో పడవెక్కి ఆకాశం దాకా పోవచ్చు కదా అని నాన్నను వేధించేదాన్ని. "మరి ఇన్నాళ్ళూ తామరపువ్వులో ఏం చేస్తున్నావే?" అన్నారావిడ. ఆ వారం నేను కుక్కలు వేయలేదు, కార్లు వేయలేదు. ఒక మేడ వేశాను. దాని చుట్టూ కాలువ మెట్టు మెట్టుగా పైకి పాకుతుంది. ప్రతి అంతస్తుకూ ముందు వరిపొలం, వెనక కాపురాలు. పడవలు లాకులు దాటుకుంటూ పైకి పోతాయి. అన్నిటికంటే పై అంతస్తులో పొలం ఎండకు మెరిసిపోతూ పచ్చగా ఉంటుంది. గీస్తున్నంతసేపూ అందులోనే తిరిగాను. షంషాద్ గారు బొమ్మను అందుకున్నారు. గోడకు అంటించి, "చూద్దాం" అన్నారు. కొరియర్ అతను బాగుందన్నాడు. జిరాక్సు షాపు ఆవిడ చాలా బాగుందంది. శుక్రవారం గడిచిపోయింది.

శనివారం మధ్యాహ్నం నాన్న చేతిసంచీతో మెట్లెక్కి వచ్చాడు. షంషాద్ గారికి దణ్ణం పెట్టి, కుర్చీలో కూర్చోకుండానే "మూడింటి బస్సుకి పోవాలండి. పిల్ల సామాను సర్దుకుంటే..." అన్నాడు. ఆవిడ అడ్డు చెప్తారని, నా తరఫున వాదిస్తారని ఎదురుచూశాను. ఆవిడ ఎంతో మర్యాదగా "అలాగే తీసుకెళ్ళండి. మీ అమ్మాయి వేసిన బొమ్మ ఒకసారి చూసి వెళ్ళండి" అన్నారు. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది.

నాన్న గోడ దగ్గరికి వెళ్ళాడు. "నీళ్ళు పైకి పోవడమేవిటమ్మా?" అన్నాడు.

"మా దగ్గర అంతేనండీ" అన్నారు షంషాద్ గారు.

నాన్న బొమ్మకు ఇంకా దగ్గరగా జరిగాడు. నేను బ్యాగు జిప్పు వేసుకుంటున్నాను. కాసేపటికి ఆయన గొంతు మారింది. "సరే, పోతాయనుకుందాం. కింద అంతస్తాయన తూము తీసి తన పొలానికి పెట్టుకుంటాడు. పైనాయన తీసుకుంటాడు. ఆ పైనాయన తీసుకుంటాడు. మరి ఈ చిట్టచివరాయన సంగతేంటి?" ఆయన వేలు పై అంతస్తు పొలం మీద ఆనింది. "ఇది శివారు భూమి కదే! ఇక్కడ పైరు ఇంత పచ్చగా ఎట్టా ఉంది?"

"అందంగా ఉంటుందని వేశాను నాన్నా."

"అందమా? ఆ పైనాయన దగ్గరికెళ్ళి అనవే ఆ మాట! కర్ర పుచ్చుకుంటాడు. నాట్లే పడవు అక్కడ. ఇంత కాలువకి నీళ్ళు వదిలే లస్కరు ఒక్కడన్నా లేడు. ఎవడికి తోచినట్టు వాడు తూములు తీసుకుంటుంటే అడిగేవాడేడీ?"

మా పొలం కూడా కాలువ చివరిదే. ప్రతి ఏడూ పై ఊళ్ళవాళ్ళ తడులు అయ్యాక మిగిలిన నీళ్ళ కోసం గట్టు మీద కాపలా కాసిన మనిషి ఆయన. ఆ కోపమంతా ఇప్పుడు నా మేడ మీద తిరిగింది. నీళ్ళు పైకి పారితే ఒప్పుకున్నాడు గానీ, చివరి రైతుకు అన్యాయం జరిగితే ఒప్పుకోలేకపోయాడు. నేను బ్యాగు వదిలేసి షంషాద్ గారి వైపు చూశాను. ఆవిడ చప్పుడు చేయకుండా మూలకు వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెడుతున్నారు. నా కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. అంత సంతోషం నాకు పెళ్ళి రోజున కూడా కలగలేదని మా ఆయన ఎదుటే చెప్తాను.

"మరి ఏం చేద్దామంటారు?" అని అడిగారు షంషాద్ గారు. నాన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వంతులు పెట్టాలన్నాడు. నీళ్ళు ముందు పైకి పోవాలి, పైనాయన తడి అయ్యాక బూర ఊదాలి, ఆ బూర వినపడ్డాకే కిందవాళ్ళు తూములు తియ్యాలి. బూర ఊదే మనిషికి నిలబడ్డానికి ఒక అరుగు కావాలి. ఎండకు నీడ కావాలి. పెన్సిల్ అడిగి తీసుకుని అరుగు ఎక్కడ రావాలో చుక్క పెట్టాడు. మధ్యలో తల తిప్పి "పాలు పొంగుతున్నాయండీ, చూసుకోండి!" అని కేకేశాడు. "పొంగనివ్వండి" అన్నారు షంషాద్ గారు.

టీ తాగాక ఆయనకు బస్సు గుర్తొచ్చింది. మూడింటిది ఎప్పుడో పోయింది. లేచి సంచీ పట్టుకుని, నన్నూ నా బ్యాగునూ చూసి, గోడ మీద బొమ్మను చూసి, కాసేపు నిలబడ్డాడు. "ఈ పని అయ్యేదాకా ఉండనివ్వండమ్మా. సగంలో వదిలేసొస్తే ఆ పైనాయన ఎండిపోతాడు" అని షంషాద్ గారితో చెప్పి, ఒక్కడే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. డ్రాయింగ్ టీచరు ఉద్యోగం సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చాలాకాలం ఫోన్ చేసినప్పుడల్లా, నా ఆరోగ్యం అడగకముందే, పైనాయనకు నీళ్ళందాయా అని అడిగేవాడు.

పుస్తకం వచ్చింది. దాని వెనక మరొకటి వచ్చింది. తర్వాత కంప్యూటర్లు వచ్చి ఎలివేషన్లు గంటలో తయారవడం మొదలయ్యాక, షంషాద్ గారు ఆఫీసు బోర్డు తనే దించారు. జాలి పడదామని వెళ్ళినవాళ్ళకు ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు. "కుక్కల పీడ వదిలింది" అని నవ్వి, వన్‌టౌన్‌లో తమ్ముడి ఇంట్లో ఒక గది తీసుకుని తన భవనాలు తను గీసుకుంటూ ఉండిపోయారు. నేను వేసిన ప్రతి బొమ్మా తీసుకెళ్ళి చూపించేదాన్ని. ఆవిడ గీతల గురించి మాట్లాడేవారు, నీడల గురించి మాట్లాడేవారు, తిట్టేవారు. కానీ ఏనాడూ నా ఇళ్ళలో ఒక్కదాని లోపలికి రాలేదు. ఆవిడ పనితనం తెలిసిన మనిషి కదా, గోడలు ఎలా లేచాయో చూసేవారే తప్ప కూర్చునేవారు కాదు. అది నాకు లోలోపల వెలితిగానే ఉండేది.

ఆవిడ జబ్బుపడ్డాక చివరిసారి వెళ్ళినప్పుడు, కృష్ణ ఒడ్డున నీటి మీదికి వంగిన ఒక పొడవాటి ఇంటి బొమ్మ పట్టుకెళ్ళాను. ఏటి గాలి అంతా ఇంట్లోంచి దాటిపోయేలా వరసగా కిటికీలు, అన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఒడ్డు వైపు కిటికీల కింద పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఆవిడ బాగా చిక్కిపోయారు. మాట పెగలడం కష్టంగా ఉంది. బొమ్మను ఆవిడ ఎదురుగా పట్టుకుని నిలబడ్డాను. చూస్తూ చూస్తూ దుప్పటి మెడదాకా లాక్కున్నారు. ఆ గదిలో తలుపులన్నీ వేసే ఉన్నాయి, ఫ్యాను కూడా తిరగడం లేదు.

"ఆ చివరి కిటికీ ముయ్యమ్మా, గాలి కొడుతోంది" అన్నారు.

నేను అక్కడే మంచం పక్కన కింద కూర్చుని, బ్యాగులోంచి పెన్ను తీసి ఆ కిటికీకి రెక్కలు వేసి మూసేశాను. మళ్ళీ చూపిస్తే తల ఆడించి కళ్ళు మూసుకున్నారు. కొన్నాళ్ళకే పోయారు. ఏడ్చాను, ఇప్పటికీ ఏడుస్తాను. అయినా ఆవిడ నాకు మిగిల్చిపోయింది దుఃఖమొక్కటే కాదు. ఏ బొమ్మ వేసినా అందులో ఎవరికి ఏ ఇబ్బంది కలుగుతుందోనని ఎదురుచూసే గుణం నాతో ఉండిపోయింది. ఎవరైనా బాగుందంటే థాంక్సండీ అని ఊరుకుంటాను. నా పని నాకు వచ్చునన్న ధైర్యం మాత్రం ఆ కిటికీతో వచ్చింది.

ఆ బొమ్మను అలాగే పుస్తకానికి పంపాను. మొదటి పుస్తకం నుంచి నన్ను ఎరిగిన ఆ ప్రచురణకర్త, ఇన్నేళ్ళలో ఏది పంపినా అద్భుతం అనడం తప్ప ఇంకో మాట ఎరగని మనిషి, ఫోన్ చేశాడు.

"అన్ని కిటికీలూ తెరిచున్నాయి, చివరిదొకటి మూసేశారు. పొరపాటున పడిందాండీ?"

"లేదండీ. లోపల ఒకావిడ పడుకున్నారు."

కాగితం తిప్పుతున్న చప్పుడు వినపడింది. "మరి ఆ కిటికీ కిందే పిల్లలు బంతాట ఆడుతున్నారు కదండీ! ఆవిడకి నిద్రెట్లా పడుతుంది?" అన్నాడు.

నిజమే కదా అనిపించింది. బొమ్మ వెనక్కి తెప్పించుకుని, పిల్లల్ని పెరట్లోకి పంపించాను.